యుద్ధకాలంలో వాణిజ్య పంట: అమెరికా అంతర్యుద్ధం నాటి పత్తిపై తరచుగా అడిగే ప్రశ్నలు

1861 నుంచి 1865 దాకా అమెరికా నుంచి విడిపోయిన దక్షిణ రాష్ట్రాలు పత్తిని నమ్ముకుని ఉత్తరాదితో యుద్ధం చేశాయి. ఆ నాలుగేళ్లలో పత్తి వాళ్లకు ఏం చేసిపెట్టింది, ఏం చేయలేకపోయింది, దాని సెగ బొంబాయికీ కాకినాడకూ ఎలా తగిలింది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. ముందు కొలతల సంగతి: కింద పౌను అంటే బరువు, అరకిలో కన్నా కాస్త తక్కువ. పౌండు అంటే బ్రిటిష్ డబ్బు. ఆనాటి పత్తి బేలు దాదాపు రెండు క్వింటాళ్లు తూగేది.

యుద్ధం వస్తే తిండి గింజలే కదా ముఖ్యం. వాణిజ్య పంటల ఊసెందుకు?

సైన్యానికి తిండి కావాలి, నిజమే. తుపాకులు, మందుగుండు, బూట్లు, మందులు కూడా కావాలి. ఫ్యాక్టరీలు లేని దేశం వాటిని బయటి నుంచే కొనాలి. కొనాలంటే బయటివాడికి పనికొచ్చే సరుకేదైనా చేతిలో ఉండాలి. అక్కడే పత్తి, పొగాకు, చక్కెర, జనుము, వేరుశనగ లాంటివి రంగంలోకి వస్తాయి. మామూలు రోజుల్లో అవి రైతుకు రొక్కం తెస్తాయి, యుద్ధంలో ప్రభుత్వానికి విదేశీ మారకంగా, అప్పుకు తాకట్టుగా, కొన్నిసార్లు బెదిరింపుగా కూడా పనికొస్తాయి. ఒక చిక్కుంది. వాటిని వండుకు తినలేం, రేవు దాటించలేకపోతే అమ్ముకోనూ లేం.

ప్రపంచంలో ఇన్ని యుద్ధాలుండగా దీన్నే ఎందుకు తీసుకున్నారు?

ఒకే పంట మీద ఒక దేశం విదేశాంగ విధానాన్నంతా నిలబెట్టిన సందర్భాలు అరుదు. పైగా దీని ప్రభావం నేరుగా మన నేల మీదా పడింది.

యుద్ధానికి ముందు దక్షిణాది పత్తి ఎంత పెద్ద వ్యాపారం?

1860లో అమెరికా మొత్తం ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. బ్రిటన్ మిల్లులు వాడే పత్తిలో నాలుగింట మూడొంతులకు పైగా అక్కడి నుంచే వెళ్లేది. ఆ పంట నడిచింది బానిసల చాకిరీతో. 1860 జనాభా లెక్కల ప్రకారం దక్షిణాదిలో బానిసత్వంలో ఉన్న నల్లజాతివారు దాదాపు 40 లక్షల మంది.

సౌత్ కరోలినా సెనేటర్ జేమ్స్ హెన్రీ హామండ్ 1858 మార్చి 4న సెనేట్‌లో చేసిన ప్రసంగంలో పత్తే రాజని, దాని మీద యుద్ధానికి దిగే సాహసం భూమ్మీద ఎవరికీ లేదని ప్రకటించాడు. మూడేళ్లు పత్తి ఆపేస్తే ఇంగ్లండ్ కుప్పకూలుతుందన్నది ఆయన లెక్క. విడిపోయిన రాష్ట్రాలు, అంటే కాన్ఫెడరసీ, ఈ లెక్కను వేదవాక్కులా పట్టుకున్నాయి.

అంత గిరాకీ ఉంటే 1861లోనే పత్తిని అమ్మేసి ఆయుధాలు కొనుక్కోవచ్చు కదా?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే.

సౌత్ కరోలినాలోని ఫోర్ట్ సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలింది 1861 ఏప్రిల్ 12న. వారం తిరిగేసరికి, 19న, అమెరికా అధ్యక్షుడు లింకన్ దక్షిణాది రేవుల దిగ్బంధం ప్రకటించాడు. అప్పటికి ఉత్తరాది నౌకాదళం చిన్నది, తీరమేమో వేల మైళ్లు. మొదటి ఏడాది ఆ దిగ్బంధం చాలావరకు కాగితాల మీదే ఉంది. ఓడలు వచ్చిపోతూనే ఉన్నాయి.

అయినా పత్తి కదల్లేదు. ఆపింది దక్షిణాదివాళ్లే. బ్రిటన్, ఫ్రాన్స్ పత్తి కోసం తహతహలాడి తమను గుర్తించేదాకా సరుకు బయటికి పోకూడదని అనుకున్నారు. కాన్ఫెడరేట్ పార్లమెంటు ఎగుమతి నిషేధ చట్టమేదీ చేయలేదు. చేయాల్సిన అవసరమే రాలేదు. పత్తిని రేవులకు పంపొద్దని న్యూ ఆర్లియన్స్ దళారులు ప్లాంటర్లకు, అంటే పెద్ద తోటల యజమానులకు, రాశారు, ఊరూరా ఏర్పడిన రక్షణ కమిటీలు బండ్లను ఆపాయి. తర్వాత శత్రువు చేతికి చిక్కకుండా తగలబెట్టడం మొదలైంది. 1862 ఏప్రిల్‌లో న్యూ ఆర్లియన్స్ పడిపోయేటప్పుడు కరకట్ట మీద బేళ్లు కాలిపోయాయి. యుద్ధం మొత్తంలో ఇలా తగలబెట్టింది సుమారు 25 లక్షల బేళ్లని ఒక అంచనా.

వాళ్ల తరఫున చెప్పాల్సిన మాటా ఒకటుంది. 1860 పంటలో ఎక్కువ భాగం 1861 వసంతానికే ఓడలెక్కి వెళ్లిపోయింది. కొత్త పత్తి ఏరడం ఆగస్టులో మొదలై చలికాలం దాకా సాగుతుంది. అంటే తొలి నెలల్లో అమ్మడానికి చేతిలో కుప్పలు తెప్పలుగా సరుకేమీ లేదు, సొంత ఓడలు అంతకన్నా లేవు. కాబట్టి ‘ఆ పత్తంతా పంపేసి ఉంటే యుద్ధం గెలిచేవారు’ అన్న వాదన పంటల క్యాలెండర్ చూడకుండా చేసేది. కానీ 1861 శరదృతువు నుంచి 1862 వసంతం దాకా, దిగ్బంధం ఇంకా పలచగా ఉన్నప్పుడు, చేతికొచ్చిన పంటను కావాలని ఆపుకోవడం మాత్రం నా దృష్టిలో శుద్ధ తెలివితక్కువ పని. తర్వాత వాళ్లు అదే పత్తిని ప్రాణాలకు తెగించి దొంగచాటుగా పంపాల్సి వచ్చింది.

బ్రిటన్ ఎందుకు దిగిరాలేదు?

గోదాములు నిండి ఉండటం మొదటి కారణం. యుద్ధానికి ముందు రెండు మూడేళ్లు పంట విరగపండింది, మిల్లులు అవసరానికి మించి బట్ట నేశాయి. దూదీ బట్టా రెండూ నిల్వ ఉన్నాయి కాబట్టి సరఫరా ఆగిపోతే తొలి నెలల్లో కొందరు మిల్లు యజమానులకు లాభమే వచ్చింది. ఇండియా, ఈజిప్టు, బ్రెజిల్ నుంచి పత్తి రావడం మరో కారణం. అదే సమయంలో బ్రిటన్ ఉత్తర అమెరికా గోధుమలు పెద్ద ఎత్తున కొంటోంది. అప్పట్లో అక్కడ వరసగా పంటలు దెబ్బతిన్నాయి. గోధుమ కోసమే బ్రిటన్ ఉత్తరాదితో తగువు పెట్టుకోలేదని కొందరు చరిత్రకారులంటారు. అది అతిశయోక్తి అనేవారూ ఉన్నారు. 1862 సెప్టెంబరులో లింకన్ బానిస విముక్తి ఉద్దేశాన్ని ప్రకటించాక బానిసల యజమానుల పక్షాన నిలబడటం లండన్‌కు రాజకీయంగా ఇంకా కష్టమైంది.

మరి ఇంగ్లండ్‌లో పత్తి మిల్లుల ప్రాంతమైన లాంకషైర్ కార్మికుల సంగతి?

వాళ్లు చాలా కష్టపడ్డారు. 1862 చివరికి దాదాపు ఐదు లక్షల మంది సహాయ నిధుల మీద బతికారు. అయినా 1862 డిసెంబరు 31న మాంచెస్టర్‌లో సభ పెట్టి బానిసత్వానికి వ్యతిరేకంగా లింకన్‌కు మద్దతు తెలిపారు. 1863 జనవరి 19న లింకన్ వాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరం రాశాడు. కార్మికులందరూ ఒకే మాట మీద ఉన్నారనుకోకూడదు. దక్షిణాదిని గుర్తించమన్న సభలూ ఆ ప్రాంతంలోనే జరిగాయి.

పత్తి మానేసి తిండి పంటలు వేయమని చట్టాలు వచ్చాయా? రైతులు విన్నారా?

వచ్చాయి. జార్జియా 1862 డిసెంబరులో పనిచేసే ఒక్కో మనిషికి 3 ఎకరాలకు మించి పత్తి వేయకూడదంది. గవర్నర్ జోసెఫ్ బ్రౌన్‌కు అదీ ఎక్కువే అనిపించింది, పావు ఎకరానికి దించమని పట్టుబట్టాడు. ఆర్కాన్సా, సౌత్ కరోలినా ఇలాంటి హద్దులే పెట్టాయి. అలబామా పరిమితి దాటిన పత్తి మీద పన్ను వేసింది. వర్జీనియాలో పొగాకుకూ కోత పడింది. 1863 ఏప్రిల్ 10న కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ స్వయంగా ప్రకటన చేసి, పత్తి పొగాకు పొలాల్లో మొక్కజొన్న, ఓట్స్, చిక్కుళ్లు, దుంపలు వేయమన్నాడు.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. 1861లో సుమారు 45 లక్షల బేళ్లు పండితే 1862లో 15 లక్షల చిల్లర, 1863లో నాలుగున్నర లక్షలు, 1864లో మూడు లక్షలు. అయితే ఈ తగ్గుదల మొత్తం చట్టాల చలవ కాదు. కొన్ని జిల్లాలు శత్రువు చేతికి పోయాయి, చాకిరీ చేసేవాళ్లు పారిపోయారు, అమ్ముడుపోని పంట ఎవరూ వేయరు.

వినని పెద్దమనుషులూ ఉన్నారు. జార్జియాకు చెందిన రాబర్ట్ టూంబ్స్ కాన్ఫెడరసీ తొలి విదేశాంగ మంత్రి, తర్వాత సైన్యంలో జనరల్. దేశమంతా మొక్కజొన్న వేయమంటుంటే 1862లో ఆయన తోటల్లో 900 ఎకరాల పత్తి వేశాడని స్థానిక కమిటీ ఆక్షేపించింది. నా పొలంలో ఏం వేయాలో చెప్పడానికి మీరెవరన్న ధోరణిలో ఆయన బదులిచ్చాడు. సొంత ఆస్తి మీద, అందులో మనుషుల మీద కూడా, ఎవరి పెత్తనమూ ఒప్పుకోబోమని విడిపోయిన వర్గమే అది. పొలంలో ఏం వేయాలో ప్రభుత్వం చెబితే ఒళ్లు మండటంలో వింతేముంది?

లోపల నడిచిన లెక్క ఇంకొకటుంది. యుద్ధం ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది. ఆ రోజు ఎవరి కొట్టంలో బేళ్లుంటే వాడే ధనవంతుడు. పత్తి పాడవదు, కాన్ఫెడరేట్ నోటు మాత్రం రోజురోజుకీ చిత్తుకాగితమవుతోంది. డబ్బు విలువ పడిపోతున్నప్పుడు నిల్వ ఉండే పంటను దాచుకోవడం రైతు వైపు నుంచి చూస్తే తెలివైన పనే. అందరూ అదే చేస్తే సైన్యం పస్తులుంటుంది.

పత్తి తగ్గి మొక్కజొన్న పెరిగింది కదా. అయినా జనం ఎందుకు ఆకలితో అల్లాడారు?

తిండి ఉన్న చోట జనం లేరు, జనం ఉన్న చోటికి తిండి చేరలేదు. అలబామా, నైరుతి జార్జియాల్లో మొక్కజొన్న బాగానే పండింది. రైలు పట్టాలు అరిగిపోతే కొత్తవి పోసే కర్మాగారాల్లేవు, ఇంజన్లు మూలపడ్డాయి. వర్జీనియాలో సైన్యం అరపూట తిండితో ఉంటే జార్జియా స్టేషన్లలో ధాన్యం పాడైపోయింది. మాంసానికి ఆధారమైన టెన్నెసీ 1862లోనే చాలావరకు పోయింది. 1863 జులై 4న మిసిసిపీ ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్ లొంగిపోయాక మిసిసిపీ నదికి ఆవలి టెక్సాస్ పశువులు రావడమూ ఆగింది. మాంసం నిల్వ చేయడానికి ఉప్పు కూడా కరవే.

దీని మీద రెండు చట్టాలు పడ్డాయి. 1863 మార్చి చట్టంతో సైన్యం తాను నిర్ణయించిన ధరకు రైతు సరుకు లాక్కోవచ్చు. ఆ ధర బజారు ధరలో ఏ మూలకూ రాదు. ఏప్రిల్ చట్టంతో పంటలో పదో వంతు ప్రభుత్వానికి కట్టాలి. మొక్కజొన్న, గోధుమ, బియ్యం, చిలగడదుంప, బేకన్ అన్నిట్లోనూ. మగవాళ్లు యుద్ధానికి పోయి ఆడవాళ్లు దున్నుకుంటున్న చిన్న కమతాలకు ఇది గోరుచుట్టు మీద రోకటి పోటు. పెద్ద ప్లాంటర్లకేమో 20 మంది బానిసలుంటే ఒక తెల్లవాడికి సైన్యం నుంచి మినహాయింపు. బడుగు రైతుల కడుపు మంటకు కారణం వెతకడానికి ఎక్కడికో పోనక్కర్లేదు.

1863 ఏప్రిల్ 2న రాజధాని రిచ్‌మండ్‌లో ఆడవాళ్లు గొడ్డళ్లు, కత్తులు పట్టుకుని కొట్లు పగలగొట్టారు. డేవిస్ వచ్చి జేబులోని చిల్లర విసిరి, వెళ్లకపోతే కాల్పులు జరుగుతాయని హెచ్చరించాడంటారు. అదే ఏడాది నార్త్ కరోలినాలోని సాలిస్‌బరీలోనూ, అలబామా రేవు మొబీల్‌లోనూ ఇలాంటివే జరిగాయి. పంట మార్చమన్న డేవిస్ ప్రకటన ఈ రిచ్‌మండ్ అల్లరి జరిగిన ఎనిమిదో రోజున వచ్చింది.

ఇక ఆ మొక్కజొన్న చివరికి ఎవరి కడుపు నింపిందో చూడండి. 1864 నవంబరులో ఉత్తరాది సేనాని షెర్మన్ 60 వేల మందితో అట్లాంటా వదిలి సముద్రం వైపు నడిచాడు. వెనక నుంచి సరఫరా లేదు, దారిలో దొరికిందే తిండి. పత్తి పొలాల్లో మొక్కజొన్న, చిలగడదుంపలు వేసిన జార్జియా ఆయన సైన్యాన్ని సుష్టుగా మేపింది. డిసెంబరు 22న సవాన్నా నగరాన్ని లింకన్‌కు క్రిస్మస్ కానుకగా ఇస్తూ పంపిన టెలిగ్రాంలో 150 ఫిరంగులతో పాటు సుమారు 25 వేల పత్తి బేళ్లనూ ఆయన లెక్క చెప్పాడు.

పొలంలో పనిచేసే నల్లజాతివారికి ఏ పంట వేయాలని ఉండేది?

సౌత్ కరోలినా సముద్ర దీవులు చూస్తే తెలుస్తుంది. 1861 నవంబరు 7న పోర్ట్ రాయల్ ఉత్తరాది వశమైంది. ప్లాంటర్లు పారిపోయారు, దాదాపు పదివేల మంది నల్లజాతివారు అక్కడే ఉండిపోయారు. ఉత్తరాది నుంచి వచ్చిన అధికారులు, ఉపాధ్యాయులు, పెట్టుబడిదారులు కూలిచ్చి మళ్లీ పత్తే వేయించాలనుకున్నారు. ఆ దీవుల పొడవు పింజ పత్తికి మంచి ధర ఉంది కదా. విముక్తులైనవారికి మాత్రం మొక్కజొన్న, చిలగడదుంపల మీదే మనసు. పత్తి వాళ్లకు యజమానుల పంట, కొరడా పంట. తిండి పంట చేతిలో ఉంటే ఇంకొకరి కింద పని చేయాల్సిన అగత్యం తగ్గుతుంది. పత్తి సాళ్ల మధ్యలో మొక్కజొన్న నాటుకుంటున్నారని పర్యవేక్షకులు ఫిర్యాదులు కూడా చేశారు. వాణిజ్య పంట లాభమా నష్టమా అన్నది ఎవరి పొలం, ఎవరి చాకిరీ అన్న దాన్ని బట్టి ఉంటుందని ఆర్థిక శాస్త్రం చదవకుండానే వాళ్లకు తెలుసు.

శత్రువుతోనే పత్తి వ్యాపారం చేశారన్నది నిజమా?

నిజం. రెండు వైపులా చేశారు. ఉత్తరాది మిల్లులకు పత్తి కావాలి, దక్షిణాదికి ఉప్పు, బేకన్, బూట్లు, మందులు కావాలి. 1862లో మెంఫిస్, న్యూ ఆర్లియన్స్ ఉత్తరాది చేతికి వచ్చాక అవి ఈ బేరాలకు అడ్డాలయ్యాయి. లింకన్ ప్రభుత్వమే ఖజానా శాఖ ద్వారా పర్మిట్లు ఇచ్చింది. పర్మిట్లున్న చోట లంచాలు లేకుండా ఉంటాయా? అధికారులు, సైనికులు, వ్యాపారులు అందరూ చేతులు కలిపారు.

ఉత్తరాది సేనాని జనరల్ గ్రాంట్‌కు ఈ వ్యాపారమంటే ఒళ్లు మంట. ఆ కోపంలో 1862 డిసెంబరు 17న తన పరిధిలోంచి యూదులందరూ వెళ్లిపోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. పత్తి వ్యాపారంలో ఉన్నవారిలో యూదులు కొందరే, అయినా నింద మొత్తం వాళ్ల మీద వేశాడు. లింకన్ జనవరి మొదట్లోనే దాన్ని రద్దు చేయించాడు. గ్రాంట్ పేరుకు అది చెరగని మచ్చగా మిగిలింది.

ఇంకో దారి మెక్సికో. రియో గ్రాండే నది అవతల మటమోరోస్ మెక్సికో పట్టణం, తటస్థ దేశం. అక్కడి రేవును దిగ్బంధించే హక్కు ఉత్తరాదికి లేదు. టెక్సాస్ ఎండు నేలల మీదుగా ఎద్దుల బండ్లు, కంచర గాడిదల బండ్లు వందల మైళ్లు పత్తి మోసుకొచ్చి నది దాటించేవి. నదీముఖం దగ్గరున్న బాగ్దాద్ అనే బెస్తపల్లె కొన్నేళ్లు అంతర్జాతీయ రేవైపోయింది.

దిగ్బంధం దాటి ఎంత పత్తి పోయింది?

యుద్ధం చివరి మూడేళ్లలో సుమారు ఐదు లక్షల బేళ్లు. యుద్ధానికి ముందు మూడేళ్లలో పోయింది కోటి. నార్త్ కరోలినా రేవు విల్మింగ్టన్ నుంచి బ్రిటిష్ దీవుల రేవులైన బెర్ముడాకో నాసోకో రాత్రిపూట దూసుకెళ్లే సన్నటి ఆవిరి ఓడలు పత్తి తీసుకెళ్లి తుపాకులు తెచ్చేవి. వాటితో పాటు పట్టుబట్టలూ, మద్యమూ తెచ్చేవి, వాటిలోనే లాభం ఎక్కువ. విలాస వస్తువుల దిగుమతిని ఆపి, వెళ్లే ఓడల్లో సగం చోటు ప్రభుత్వ పత్తికి కేటాయించాలని కాన్ఫెడరసీ చట్టం తెచ్చేసరికి 1864 ఫిబ్రవరి వచ్చింది. 1865 జనవరిలో దాన్ని కాపాడే ఫోర్ట్ ఫిషర్ కోట పడిపోయి విల్మింగ్టన్ మూతపడింది.

పొగాకు, చెరకు, వరి ఏమయ్యాయి?

లూసియానా చక్కెర దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1861లో సుమారు 4.59 లక్షల పెద్ద పీపాలు తీసిన రాష్ట్రం 1864లో పదివేల పీపాల దగ్గర ఆగింది. సౌత్ కరోలినా తీరపు వరి మడులు కట్టలు తెగి పాడయ్యాయి. పొగాకుకు మాత్రం సైనికుల గిరాకీ తగ్గలేదు. దక్షిణాది సైనికుడి దగ్గర పొగాకు, ఉత్తరాది సైనికుడి దగ్గర కాఫీ ఉండేవి, కాపలా గీతల దగ్గర ఇద్దరూ గుట్టుగా మార్చుకునేవారు.

ఉత్తరాదిలో వ్యవసాయం ఎలా నడిచింది?

అక్కడ ప్రధాన పంట గోధుమ. అది తిండి పంటా, వాణిజ్య పంటా. సైన్యానికీ పెట్టొచ్చు, బ్రిటన్‌కూ అమ్మొచ్చు. మగవాళ్లు యుద్ధానికి పోతే కోత యంత్రాలు ఆ లోటు పూడ్చాయి. లూసియానా చక్కెర పాకం రాకపోయేసరికి మధ్య పశ్చిమ రాష్ట్రాల రైతులు తీపి జొన్న వేసి దాని కాడల రసంతో పాకం కాచారు. పత్తి తగ్గితే గొర్రెలు పెంచారు, ఉన్నికి మంచి ధర పలికింది. ఒకే పంటను పట్టుకు వేలాడకపోవడం వాళ్లకు బాగా కలిసొచ్చింది.

ఇండియాకు లాభమే జరిగిందా?

వ్యాపారులకు కొన్నేళ్లు పండగే. లివర్‌పూల్‌లో 7 పెన్నీలున్న పౌను పత్తి 1864 వేసవికి 31 దాటింది. ఇండియా నుంచి బ్రిటన్‌కు 1860లో సుమారు 20 కోట్ల పౌన్లు పోతే 1864లో 50 కోట్లు దాటింది. మన పొట్టి పింజ పత్తి లాంకషైర్ మగ్గాల మీద తెగిపోయేది, అందులో రాళ్లూ గింజలూ కలిసేవి. దేవుడా పత్తి పంపు, సూరత్ పత్తి (ఇండియా పత్తికి అక్కడి పేరు) మాత్రం వద్దని అక్కడి కార్మికులు మొక్కుకునేవారన్న కథ పుట్టింది. కల్తీ అరికట్టడానికి బొంబాయి ప్రభుత్వం 1863లో చట్టమే తెచ్చింది.

బొంబాయిలో డబ్బు వరదలా పారింది. పత్తి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ లాంటివాళ్లు కంపెనీల మీద కంపెనీలు తేల్చారు. సముద్రం పూడ్చే బ్యాక్ బే కంపెనీ షేరు 5 వేలది 50 వేలు పలికింది. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయాడన్న కబురుతో పత్తి ధర పడింది. జులై 1న షేర్ల లెక్కలు తేల్చుకోవాల్సిన రోజుకు నగరం దివాలా తీసింది. కొద్దికాలానికి బ్యాంక్ ఆఫ్ బాంబే మూతపడింది. ప్రేమ్‌చంద్ అంతకు ముందే ఇచ్చిన విరాళంతో కట్టిన రాజాబాయి గడియార స్తంభం ఇప్పటికీ ఉంది.

రైతుల మాట వేరు. బండి చక్రాలకు వెండి పట్టాలు వేయించుకున్నారన్న కథలు ప్రచారంలో ఉన్నాయి. వేయించుకున్నవాళ్లు ఏ కొద్దిమందో. చాలామందికి అందింది సులభంగా పుట్టిన అప్పు. ధర పడ్డాక షావుకారు పత్రాలు బయటికి తీశాడు. 1875 మే 12న పుణె జిల్లా సూపాలో రైతులు షావుకార్ల పత్రాలు తగలబెట్టారు. దక్కన్ అల్లర్లుగా పేరుపడ్డ ఆ గొడవల్లో చేరిన ఊళ్లన్నీ పత్తి ఊళ్లు కావు, భూమి శిస్తు పెంపు కూడా పెద్ద కారణమే. పత్తి ధర ఒక్కటే అంతా చేసిందనడం తొందరపాటు.

తెలుగు ప్రాంతాల మీద ప్రభావం పడిందా?

పడింది. గుంటూరు వైపు పండే ముదురు రంగు పత్తి కాకినాడ రేవు నుంచి ఎగుమతయ్యేది. అందుకే ప్రపంచ బజారులో దానికి కోకనాడ పత్తి అన్న పేరు స్థిరపడింది. కోరంగి రేవు పూడుకుపోతున్న రోజుల్లో ఈ యుద్ధకాలపు గిరాకీ కాకినాడకు ఊపిచ్చింది. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు పూర్తయ్యాక కాలువల్లో పడవలు తిరగడం కూడా సరుకు రవాణాకు కలిసొచ్చింది. కర్నూలు వైపు పత్తిని నార్తరన్స్ అనీ, బళ్లారి పత్తిని వెస్టర్న్స్ అనీ వర్తకులు పిలిచేవారు.

నిజాం కథ మరో రకం. దేశంలోనే మేలైన పత్తి నేలల్లో ఒకటైన బేరార్‌ను 1853 ఒప్పందంతో నిజాం బ్రిటిష్‌వారికి అప్పగించాడు. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం ఖర్చు బాకీ కింద. ఎనిమిదేళ్లకే పత్తి బంగారమైంది. 1867లో నాగపూర్ చేరిన రైలు మార్గం బేరార్ మీదుగానే వెళ్లింది. లాభం చూసిన చెయ్యి మాత్రం నిజాంది కాదు.

ఈజిప్టు?

నాలుగేళ్లలో పత్తి ఎగుమతి మూడు రెట్లకు పైగా పెరిగింది. పొలాలన్నీ పత్తికి పోవడం, 1863 పశువుల రోగం కలిసి, ధాన్యం అమ్ముకునే నైలు దేశం ధాన్యం కొనుక్కునే స్థితికి వచ్చింది. పాలకుడు ఇస్మాయిల్ ఆ పత్తి ఆదాయం ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్నట్టు అప్పులు చేశాడు. 1876లో దివాలా, 1882లో బ్రిటిష్ ఆక్రమణ.

యుద్ధం ముగిశాక దక్షిణాది రైతులు తిండి పంటల వైపు మళ్లారా?

లేదు, ఇంకా పత్తిలోకే కూరుకుపోయారు. నల్లజాతివారికి భూమి దక్కలేదు, చేతిలో డబ్బు లేదు. పాలుకు చేశారు. కొట్టువాడు విత్తనం, పిండి, బేకన్ అరువిచ్చి రాబోయే పంటను తాకట్టు పెట్టుకునేవాడు. పత్తి వేస్తేనే అరువు. అప్పు తీరాలంటే పత్తి, పత్తి వేస్తే తిండి కొనుక్కోవాలి, తిండికి మళ్లీ అప్పు. బక్క తెల్ల రైతులూ ఇందులోనే చిక్కారు.

ఇరవయ్యో శతాబ్దపు యుద్ధాల్లోనూ ఇదే జరిగిందా?

కొంత అదే, కొంత తిరగబడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలకు ఇసుక బస్తాలు కావాల్సి వచ్చి బెంగాల్ గోనె మిల్లులు లాభాలు దండుకున్నాయి. పండించేవాడికి అందులో దక్కింది స్వల్పమే. రెండో యుద్ధంలో 1940 జూన్‌లో ఫ్రాన్స్ పడిపోగానే మద్రాసు రాష్ట్రపు వేరుశనగకు ఐరోపా మార్కెట్ పోయింది, రాయలసీమ రైతు కాయ కొనేవాడు లేక ఇబ్బంది పడ్డాడు. 1941 డిసెంబరులో జపాన్ యుద్ధంలోకి దిగాక పొట్టి పింజ పత్తికీ అదే గతి. 1942లో బర్మా పోవడంతో అక్కడి బియ్యం రాక ఆగింది. దాంతో ప్రభుత్వం ఆహారోత్పత్తి పెంపు ఉద్యమం పేరిట పొట్టి పింజ పత్తి నేలల్లో తిండి గింజలు వేయమంది. అంతర్యుద్ధంలో పత్తి కొరతతో లాభం చూసిన పల్లెలు ఈసారి కొనేవాడు లేక అదే పత్తిని తగ్గించుకున్నాయి.

పత్తిని చూపించి కాన్ఫెడరసీ విదేశాల్లో అప్పు తెచ్చిందట. అది తీరిందా?

తీరలేదు. 1863 మార్చిలో పారిస్‌కు చెందిన ఎర్లాంగర్ బ్యాంకు 30 లక్షల పౌండ్ల బాండ్లు అమ్మిపెట్టింది. వడ్డీ 7 శాతం. అసలు ఆకర్షణ వేరే: కావాలంటే బాండు ఇచ్చేసి పౌను 6 పెన్నీల చొప్పున పత్తి తీసుకోవచ్చు. అప్పటికి లివర్‌పూల్‌లో ధర అంతకు మూడు రెట్లకు పైనే. మెలిక ఏమిటంటే, పత్తి అప్పగించేది దక్షిణాది లోపలే, రైలుకో నదికో పది మైళ్ల దూరంలో. అక్కడి నుంచి దిగ్బంధం దాటించుకోవడం కొన్నవాడి తలనొప్పి. జులైలో గెటిస్‌బర్గ్, విక్స్‌బర్గ్ ఓటములతో బాండు ధర పడిపోయింది. కాన్ఫెడరసీ చేతికి వచ్చింది 30 లక్షలకు చాలా తక్కువ. ఎర్లాంగర్ మాత్రం కమిషన్ తీసుకున్నాడు, 1864లో పారిస్‌లోని కాన్ఫెడరేట్ రాయబారి స్లైడెల్ కూతుర్ని పెళ్లి కూడా చేసుకున్నాడు.

యుద్ధం తర్వాత అమెరికా రాజ్యాంగానికి చేసిన 14వ సవరణ తిరుగుబాటు కోసం చేసిన అప్పులన్నీ చెల్లవని తేల్చేసింది. అమెరికా గానీ, ఆ రాష్ట్రాలు గానీ వాటిని కట్టడానికి వీల్లేదు. బాండ్లు కొన్న ఐరోపావాళ్లు ఏళ్ల తరబడి కమిటీలు వేసుకుని అడిగారు. ఒక్క పెన్నీ రాలేదు.